ఉన్న మాట, చేస్తున్న మాట

"సార్, హ్యావింగ్ అంటే తినడమా?"

రాత్రి ఎనిమిది దాటాక వచ్చిన ఫోనులో ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. బస్సులో ఉంది. ఘాటు రోడ్డులో సిగ్నలు వస్తూ పోతూ ఉంది. మేమిద్దరం ఫోను స్పీకరులో పెట్టుకుని విన్నాం. విషయం అర్థం కావడానికి నాలుగు మలుపులు పట్టింది.

ఆ అమ్మాయి మా ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదువుకుంది. కింద మైదానంలో నర్సింగు పూర్తి చేసి, నగరంలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. కుటుంబం గురించి చెప్పమన్నారు. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అంది. ముగ్గురిలో ఒకాయన "ఫర్ లంచ్ ఆర్ డిన్నర్?" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అయినా తనూ నవ్వింది. పెద్దవాళ్ళు నవ్వుతుంటే మనమూ నవ్వడం అలవాటు కదా. కానీ ఆ తర్వాత సెలైన్ ఎక్కించడం గురించి, బీపీ చూడటం గురించి అడిగితే, చేత్తో వందసార్లు చేసిన పనుల గురించే అడిగితే, నోరు పెగల్లేదు. బస్సెక్కాక ఫోన్లో డిక్షనరీ చూసుకుంది. 'హ్యావ్' అంటే తినడం కూడా అని అప్పుడు తెలిసింది. తమ్ముళ్ళని తింటున్నానని చెప్పి వచ్చినట్టయింది.

"మీరు ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు సార్" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

తప్పు ఆమెది కాదు. ఓదార్చడానికి అంటున్న మాట కాదిది. తప్పు మాది. అది మా తరగతి గోడ మీద చార్టు రూపంలో ఏడేళ్ళు వేలాడింది. ఎడమ పక్క తెలుగు: తున్నాను, తున్నావు, తున్నాడు, తోంది, తున్నారు. కుడి పక్క ఇంగ్లీషు: యామ్, ఆర్, ఈజ్, వాటి తోకకి ఎర్ర సిరాతో ఇంగ్. 'తున్న' కనబడితే ఇంగ్ పెట్టండి, అంతే. మాకు మా సార్లు అలాగే చెప్పారు, మేము పిల్లలకి అలాగే చెప్పాం. వస్తున్నాను, తింటున్నాను, రాస్తున్నాను అన్నంత వరకు చార్టు బాగానే పనిచేస్తుంది. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన వాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

ఇంగ్లీషు వ్యాకరణం దీని మీద చెప్పే మాట ఒకటుంది. కొన్ని క్రియలు పనిని చెప్పవు, స్థితిని చెబుతాయి. నో, వాంట్, నీడ్, లైక్, బిలీవ్, బిలాంగ్, ఓన్, తినడం కాక ఉండటం అనే అర్థంలో హ్యావ్. వీటికి మామూలుగా ఇంగ్ రాదు. స్టేటివ్ వెర్బ్స్ అంటారు. ఈ పాఠం మా డిగ్రీలోనూ ఉంది, బీఎడ్‌లోనూ ఉంది. పట్టిక కంఠతా పట్టాం, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. తరగతిలోకి వచ్చేసరికి చార్టే మిగిలింది. ఎందుకు రాదో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఫోను వచ్చిన మర్నాటి నుంచి పిల్లల నోట్సుల్లో ఈ తప్పులు ఏరడం మొదలుపెట్టాం. ఐ యామ్ నోయింగ్. ఐ యామ్ వాంటింగ్ వన్ పెన్. వియ్ ఆర్ లైకింగ్ సండే. మొదట్లో మాకు తోచింది, పిల్లలు తెలుగులో అనుకుని దాన్నే ఇంగ్లీషు చేస్తున్నారు, అందుకే ఇలా వస్తోంది అని. సాధారణంగా అందరూ అనేది అదే. కానీ కాస్త ఆగి చూస్తే ఆ మాట నిలబడదు. తెలుగులో ఎవరైనా 'నాకు తెలుసుతున్నాను' అంటారా? 'ఒక పెన్ను కావాలుతున్నాను' అంటారా? నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇష్టం. వీటిలో ఎక్కడా 'తున్న' లేదు. ఇష్టం దగ్గర అసలు క్రియే లేదు. 'తెలుసు' అయితే నాకు తెలుసు, నీకు తెలుసు, వాళ్ళకి తెలుసు అని మనిషి మారినా కదలకుండా బండలా ఉంటుంది. అంటే స్థితి వేరు, పని వేరు అని మా పిల్లలకి ఇంగ్లీషు రాకముందే తెలుసు. తెలుసు వేరు, తెలుస్తోంది వేరు. ఇంట్లో ఉన్నాడు వేరు, ఇంట్లో ఉంటున్నాడు వేరు. ఇది ఎవరూ నేర్పక్కర్లేని తేడా.

మరి ఇంగ్ ఎక్కడి నుంచి వచ్చింది? మేము రాయించిన అర్థాల నుంచి వచ్చింది. వాంట్ అంటే 'కోరుకొను' అని రాయించాం. ఇళ్ళలో ఎవరు కోరుకుంటారు? గంజి కావాలంటారు. నో అంటే 'ఎరుగు' అని, లైక్ అంటే 'ఇష్టపడు' అని, హ్యావ్ అంటే 'కలిగి ఉండు' అని రాయించాం. కోరుకొను నుంచి కోరుకుంటున్నాను వస్తుంది. దానికి చార్టు ప్రకారం ఇంగ్ వస్తుంది. ఇష్టపడు నుంచి ఇష్టపడుతున్నాను, దానికీ ఇంగ్. కలిగి ఉండు నుంచి కలిగి ఉన్నాను, చివర 'ఉన్నాను' వినబడింది కనక దానికీ ఇంగ్. పాఠ్యపుస్తకాల తెలుగు కూడా ఈ పాపంలో పాలు పంచుకుంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాక పిల్లలు 'మొక్కలు పత్రహరితాన్ని కలిగి ఉంటాయి' అని చదువుతున్నారు. మొక్కల్లో పత్రహరితం ఉంటుంది అని ఏ తల్లయినా చెబుతుంది. పుస్తకం చెప్పదు.

ఇంకో సంగతి మా చార్టుని అటు వైపు నుంచి కొట్టింది. ఆరో తరగతిలో బొమ్మ చూపించి ఒక పిల్లాణ్ణి అడిగాం, ఈ అమ్మ ఏం చేస్తోంది అని. "కూకుంది" అన్నాడు. ఇంగ్లీషులో చెప్పమంటే "షి శాట్" అన్నాడు. తప్పు అని కొట్టేశాం. కానీ వాడు చేసింది న్యాయమే. తెలుగులో కూర్చున్న మనిషిని చూపించి 'కూర్చుంటోంది' అనం. 'కూర్చుంది' అంటాం. కూర్చోవడం అయిపోయింది, ఇప్పుడు ఆ స్థితిలో ఉంది. నిలబడ్డాడు, పడుకున్నాడు, చీర కట్టుకుంది, గొడుగు పట్టుకున్నాడు, అన్నీ అంతే. 'కట్టుకుంటోంది' అంటే ఇంకా కుచ్చెళ్ళు పోసుకుంటోందని అర్థం. ఇంగ్లీషువాళ్ళకి ఇక్కడ ఇంగ్ కావాలి: షి ఈజ్ సిట్టింగ్, షి ఈజ్ వేరింగ్ ఎ శారీ. మనం స్థితి అనుకున్నదాన్ని వాళ్ళు జరుగుతున్నదానిలో వేశారు. పొలం ఒకటే, గట్లు వేరే చోట వేసుకున్నారు. మా చార్టులో గట్లే లేవు.

చార్టు తీసేశాం. దాని చోట ఏం పెట్టాలో చాలా రోజులు తెలియలేదు. గోడ మీద దాని మేర తెల్లటి చతురస్రం మిగిలింది.

దారి చూపించింది ఎనిమిదో తరగతి. ఇంగ్ వద్దన్న క్రియల తెలుగు వాక్యాలన్నీ బోర్డు మీద రాయిస్తున్నాం. నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇష్టం. నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. నాకు గుర్తుంది. నాకు నమ్మకం ఉంది. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "సార్, అన్నీ నాకు నాకు నాకు" అంది. క్లాసంతా నవ్వింది. మేము నవ్వలేకపోయాం, ఎందుకంటే ఆ పిల్ల చెప్పింది నిజం. పక్కన ఇంగ్ వచ్చేవి రాస్తే అన్నీ 'నేను': నేను తింటున్నాను, నేను మోస్తున్నాను, నేను రాస్తున్నాను.

నేను అన్నప్పుడు మనం చేస్తాం. నాకు అన్నప్పుడు అది మనకి ఉంటుంది, లేదా మన మీదికి వస్తుంది. మాలో ఒకరిది కువి మాట్లాడే ఇల్లు, ఒకరిది కొండ భాష ఇల్లు. ఆకలి, దాహం, జ్వరం మా ఇళ్ళలోనూ 'నాకు' మీదికి వచ్చేవే. ద్రావిడ భాషలన్నిటికీ ఉన్న పద్ధతే ఇది. ఒడియాలో కూడా ఆకలి మనిషికి తగులుతుంది, మనిషి ఆకలిని చెయ్యడు. కాబట్టి మా బడిలో ఏ ఇంటి పిల్లకైనా ఈ గుర్తు పనికొస్తుంది. తెలుగు వాక్యం 'నాకు'తో మొదలైతే ఇంగ్ పెట్టేముందు ఒకసారి ఆగు.

చిత్రమేమంటే, 'తున్న' ఉన్న చోట కూడా ఈ గుర్తు కాపాడుతుంది. నాకు కనిపిస్తోంది, ఇంగ్లీషులో ఐ సీ, లేదా ఐ క్యాన్ సీ. నాకు వినిపిస్తోంది, ఐ క్యాన్ హియర్. నాకు అర్థమవుతోంది, ఐ అండర్‌స్టాండ్. నాకు ఆకలేస్తోంది, ఐ యామ్ హంగ్రీ. పాత చార్టు ప్రకారం ఈ నాలుగూ తప్పులే అయ్యేవి.

రెండు రోజుల్లో పిల్లలు దీనికి కన్నాలు పెట్టారు. "నాకు చెమటలు పడుతున్నాయి సార్, ఐ యామ్ స్వెటింగ్ కదా?" అవును. "నాకు జ్వరం వస్తోంది?" ఐ యామ్ గెటింగ్ ఫీవర్, ఇంగ్ కావాలి. "నేను దేవుణ్ణి నమ్ముతున్నాను?" నేను ఉంది, తున్న ఉంది, అయినా ఐ బిలీవ్. ప్రేమిస్తున్నాను అన్నది ఎవరూ అడగలేదు, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదీ ఐ లవ్ అనే చెప్పాం. తెల్ల చతురస్రంలో రెండు వరసలు గీసి, కింద మూడో వరస వదిలాం. మాట వినని వాటికి.

ఒకే క్రియ రెండు వేషాలు వేసే సంగతి సంతలో తేలింది. మా వైపు వారానికో రోజు సంత. పసుపు, కాఫీ గింజలు, చింతపండు, రాజ్‌మా చిక్కుళ్ళు దిగుతాయి. సోమవారం తరగతిలో వే అన్న క్రియ వచ్చింది. 'బస్తా నలభై కిలోలు తూగుతుంది' అంటే ద బ్యాగ్ వెయ్స్ ఫార్టీ కిలోస్. 'షావుకారు బస్తా తూస్తున్నాడు' అంటే ద ట్రేడర్ ఈజ్ వెయింగ్ ద బ్యాగ్. తెలుగులో తూగు, తూచు అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే, ఇంగ్‌తోనే తేడా తెలియాలి. ఎందుకు ఒకదానికి వచ్చింది, ఒకదానికి రాలేదు అని అడిగాం. పోడు చేసుకునే ఇంటి పిల్లాడు ఒకడు ఠక్కున చెప్పాడు. "తూగేది బస్తా సార్. తూచినప్పుడు షావుకారు చెయ్యి పెడతాడు. చెయ్యి ఉంటే ఇంగ్."

తక్కెడ మీద చెయ్యి ఎంత బరువు ఉంటుందో వాళ్ళ నాన్నకి తెలుసు. మేము ఇరవై నిమిషాలు చెప్పినదాని కంటే ఆ ఒక్క మాట ఎక్కువ చెప్పింది. అప్పటి నుంచి మా బడిలో అదే పరీక్ష. అందులో చెయ్యి ఉందా? కావాలని మొదలుపెట్టి, మధ్యలో ఆపగలిగేదా? కూర ఉప్పగా ఉంది, ద కర్రీ టేస్ట్స్ సాల్టీ, చెయ్యి లేదు. అమ్మ ఉప్పు చూస్తోంది, మదర్ ఈజ్ టేస్టింగ్ ద కర్రీ, చెయ్యి ఉంది, గరిటె కూడా ఉంది. ఇది మంచిదని నా అభిప్రాయం, ఐ థింక్. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను, ఐ యామ్ థింకింగ్. వాడు మొండివాడు, హి ఈజ్ స్టబ్బర్న్. వాడు ఇవాళ మొండికేస్తున్నాడు, హి ఈజ్ బీయింగ్ స్టబ్బర్న్. నాకు తమ్ముళ్ళున్నారు, ఐ హ్యావ్ టూ బ్రదర్స్. భోంచేస్తున్నాను, ఐ యామ్ హ్యావింగ్ లంచ్. ఇంటర్వ్యూలో ఆయన వేసిన జోకు ఈ చివరి రెండు వాక్యాల మధ్య సందులోంచి వచ్చింది. అంత చిన్న సందు.

చెయ్యి పరీక్ష కూడా అన్ని చోట్లా నిలవదు. వాన పడుతోంది, ఇట్ ఈజ్ రెయినింగ్, అందులో ఎవరి చెయ్యి ఉంది? అది అడిగిన పిల్ల దగ్గర మా దగ్గర జవాబు లేక, "అది ఆగుతుంది కదమ్మా" అన్నాం. ఇంగ్ చెప్పేది దాదాపు అదే అనుకుంటాం. మొదలైంది, ఇంకా అవలేదు, ఆగుతుంది. తెలియడానికి అలా నడిమి భాగం ఉండదు.

ఈ నడిమి భాగం సంగతి వ్యాకరణంతో ఆగిపోయేదైతే ఇంత రాయం. మా చుట్టుపక్కల ఊళ్ళో కుర్రాళ్ళు అటవీ హక్కుల పట్టా కోసం గ్రామసభలో తెలుగులో దరఖాస్తు పెట్టుకున్నారు. అది కదలక, తెలుగు రాని పై అధికారికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, దిద్దమని మా దగ్గరికి తెచ్చారు. అందులో రెండు వాక్యాలు: 'వియ్ ఆర్ కల్టివేటింగ్ దిస్ ల్యాండ్. దిస్ ల్యాండ్ ఈజ్ బిలాంగింగ్ టు అస్.' తెలుగులో వాళ్ళ మనసులో ఉన్నది మాకు తెలుసు. ఈ భూమి మేము చేసుకుంటున్నాం, ఈ భూమి మాది. కానీ ఇంగ్లీషు చెవికి వినబడేది వేరు. 'వియ్ ఆర్ కల్టివేటింగ్' అంటే ఇప్పుడు చేస్తున్నాం అని మాత్రమే. నిన్న మొదలుపెట్టినవాడు కూడా అదే అంటాడు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడిగేది 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి మన స్వాధీనంలో ఉందా అని. తెలుగు 'చేసుకుంటున్నాం'లో తాత కాలం కూడా ఇమిడిపోతుంది. 'మా తాతల నాటి నుంచి చేసుకుంటున్నాం' అంటే చాలు. ఇంగ్లీషులో దానికి వేరే కట్టు కావాలి: వియ్ హ్యావ్ బీన్ కల్టివేటింగ్ దిస్ ల్యాండ్ సిన్స్ బిఫోర్ ఆ తేదీ. ఇంగ్ ఉంది, కానీ ముందు 'హ్యావ్ బీన్' వచ్చి వెనక్కి చూపిస్తుంది. ఇక రెండో వాక్యం, దిస్ ల్యాండ్ బిలాంగ్స్ టు అస్. బిలాంగ్‌కి ఏ పరిస్థితిలోనూ ఇంగ్ పెట్టకండి అని చెప్పాం. ఒక కుర్రాడు, "ఇంగ్ పెడితే భూమి పోతుందా సార్?" అని నవ్వాడు. పోదు. ఇంగ్ లేనంత మాత్రాన పట్టా వస్తుందని కూడా కాదు. కానీ మనది అన్న మాట ఇంకా జరుగుతూ ఉన్నట్టు, రేపు ఆగిపోయేట్టు ఎందుకు వినబడాలి?

ఆ రాత్రి మాలో కొండ భాష వాళ్ళు ఒక మాట గుర్తు చేశారు. వాళ్ళ భాషలో ఉండటానికి ధాతువు 'మన్'. కువిలోనూ అదే. గోండిలో, కోయలో కూడా అదే. తెలుగులో ఆ 'మను' రోజువారీ మాటల్లోంచి పోయి మనుగడలో, మనికిలో దాక్కుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండ భాష మీద రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. మా తాతల మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంకా పోలేదు. మా పిల్లలకి స్థితి క్రియ అని చెప్పడం కంటే 'మన్' మాటలు అని చెప్పడం తేలిక. ఉన్నవి, మనుతున్నవి. తెల్ల చతురస్రంలో ఒక వరస పేరు ఇప్పుడు అదే.

ఇంగ్లీషువాళ్ళ గట్లు కూడా ఎప్పుడూ ఒకే చోట లేవు. షేక్‌స్పియర్ కాలంలో ఈ ఇంగ్ రూపం ఇప్పటిలో చాలా తక్కువ వంతే వాడేవారు. ఇల్లు కట్టబడుతోంది అనడానికి 'ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్' అనడం 18వ శతాబ్దం చివర్లో పాకింది, 19వ శతాబ్దంలో వ్యాకరణ పండితులు దాన్ని అసహ్యించుకున్నారు. ఇప్పుడు అదే పరీక్షల్లో వస్తోంది. 2003 నుంచి ఒక పెద్ద తిండి కంపెనీ 'లవ్'కి ఇంగ్ తగిలించి ప్రపంచమంతా ప్రకటన నడిపింది. ఎవరూ వాళ్ళని ఇంటర్వ్యూ గదిలోంచి పంపలేదు. బ్రిటన్‌లోనే స్కాట్లండ్, వేల్స్ వాళ్ళ ఇంగ్లీషులో ఇలాంటి ఇంగ్‌లు ఎక్కువ. వేల్స్ వాళ్ళ సొంత భాషలో 'నాకు తెలుసు' అనడానికి మాటకి మాట చూస్తే 'నేను తెలుస్తూ ఉన్నాను' అన్నట్టే ఉంటుంది. 19వ శతాబ్దంలో అక్కడి బడుల్లో ఆ భాష మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్క వేలాడదీసేవారు. ఇది చదివినప్పుడు మేమిద్దరం మాట్లాడుకోలేదు. మా చిన్నప్పుడు హాస్టల్లో ఇంటి భాష మాట్లాడితే మెడలో చెక్క లేదు గానీ, మోకాళ్ళ మీద నిలబెట్టడం ఉంది.

డిగ్రీలో నిస్సిమ్ ఎజెకియల్ పద్యం ఒకటి చదివాం, 'గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్.' వీడ్కోలు సభలో ఒకాయన ఉపన్యాసం, మాటమాటకీ ఇంగ్. లెక్చరరు చదువుతుంటే క్లాసంతా నవ్వింది, మేమూ నవ్వాం. కవి ఎవర్ని చూసి నవ్వాడో, ఎంత ప్రేమగా నవ్వాడో పండితులు చెప్పుకోనీ. మా క్లాసులో మాత్రం నవ్వు ఎవరి వైపు తిరిగి ఉందో వెనక బెంచీల వాళ్ళకి తెలుసు. మీటింగుల్లో పెద్ద పెద్ద అధికార్లు 'ఐ యామ్ హ్యావింగ్ వన్ డౌట్' అనడం మేము చాలాసార్లు విన్నాం. ఎవరూ నవ్వరు. సందేహాన్ని లంచ్‌కా డిన్నర్‌కా అని ఎవరూ అడగరు. కొండ మీద నుంచి దిగి వచ్చిన పిల్ల అంటేనే అది జోకు అవుతుంది.

అయినా పిల్లలకి సరైన రూపం నేర్పాలి. ఈ విషయంలో మా ఇద్దరి మధ్య వాదన జరిగింది. ఒకరిది, అర్థమైతే చాలదా, దేశమంతా ఇలాగే మాట్లాడుతోంది, మనమే ఎందుకు దిద్దాలి అని. ఇంకొకరిది, దేశమంతా మాట్లాడొచ్చు, మన పిల్లకి మాత్రం గుమ్మం దగ్గరే ఆపే మనిషి ఉంటాడు అని. రెండోదే నెగ్గింది. నెగ్గినందుకు సంతోషం లేదు. దిద్దే పద్ధతి మాత్రం మార్చుకున్నాం. తప్పు రాగానే ఎర్ర గీత పెట్టం. 'దీన్ని ఇంట్లో ఎలా అంటావు?' అని అడుగుతాం. నాకు ఉంది అంటుంది, లేదా తన భాషలో చెబుతుంది. అక్కడి నుంచి ఇంగ్లీషుకి తీసుకెళ్తాం. ఉపాధ్యాయులు ఎవరైనా ఇది చదువుతుంటే మా మనవి ఒకటే. వాంట్‌కి 'కావాలి' అని, నో‌కి 'తెలుసు' అని, హ్యావ్‌కి 'నాకు ఉంది' అని రాయించండి. సగం ఇంగ్‌లు అక్కడే రాలిపోతాయి.

ఆ అమ్మాయికి తర్వాత వేరే ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. అక్కడ కుటుంబం గురించి అడగలేదట, సూది వెయ్యమన్నారట. సంక్రాంతికి వచ్చినప్పుడు బడికి వచ్చింది. గోడ మీద కొత్త వరసలు చదివి, "చెయ్యి ఉంటే ఇంగ్" దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత అడిగింది, "సార్, వార్డులో పెద్ద డాక్టర్లు కూడా పేషెంట్ ఈజ్ హ్యావింగ్ పెయిన్ అనే అంటారు. కేస్ షీట్‌లో నేనేం రాయను?" హ్యాజ్ పెయిన్ అని రాయమన్నాం. "మరి వాళ్ళు అడిగితే?" "అడగరు" అన్నాం. అడగలేదని మొన్న ఫోనులో చెప్పింది. ఒక జూనియర్ డాక్టరు ఆమె రాసింది చూసి తనదీ దిద్దుకున్నాడట. అది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో వినిపించింది ఏమిటో మాకు తెలుసు, పేరు మాత్రం పెట్టం.

మూడో వరస ఇంకా నిండుతూనే ఉంది. నిన్న మధ్యాహ్నం ఏడో తరగతి పిల్లాడు ఆవలిస్తూ లేచి, "సార్, నాకు నిద్రొస్తోంది, దీనికి ఇంగ్ ఉందా లేదా?" అన్నాడు. ఐ యామ్ స్లీపీ అంటే లేదు. ఐ యామ్ ఫీలింగ్ స్లీపీ అన్నా తప్పు కాదు, ఐ ఫీల్ స్లీపీ అన్నా తప్పు కాదు. ఏ వరసలో వెయ్యాలో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు. వాడు ఈలోగా బెంచీ మీద తల పెట్టుకుని పడుకున్నాడు.